ఒక్క అక్షరమే కదా అనకండి

మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లినక్స్ కెర్నల్ మీద నడుస్తోంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లలో ప్రతి ఒక్కటీ దాని మీదే నడుస్తోంది. ల్యాబులో మీరు రాసే పైథాన్, ఆ కోడును భద్రపరిచే గిట్, ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసే లిబ్రే ఆఫీస్, రాత్రి సినిమా చూసే వీఎల్‌సీ, ఇవన్నీ ఎవరెవరో రాసి, మన ముఖమైనా చూడకుండా మన చేతిలో పెట్టినవే. వీటిలో దేనికీ మనం రూపాయి కట్టలేదు. కట్టమని ఎవరూ అడగలేదు. అడగలేదు కదా అని ఊరుకోవడం మాత్రం మనకు తగదు. తొలకరికి ముందు ఊరి కాలువలో పూడిక తీయడానికి ఇంటికో మనిషి పలుగూ పారా పట్టుకుని కదిలినట్టు, ఈ ఉమ్మడి సొత్తు బాగోగుల్లో కూడా మన వంతు మనం చేయాలి.

ఆ వంతులో అన్నిటికంటే చిన్నదిగా కనిపించే పని గురించి ఈరోజు మీతో మాట్లాడాలని ఉంది. ప్రాజెక్టులోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం రాసిపెట్టిన నియమాల పత్రంలో అక్షరదోషాలు దిద్దే పని. ఇదా బాధ్యత అని పెదవి విరవకండి. కాస్త ఓపిక పట్టి వినండి.

చాలా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఆ పత్రం కంట్రిబ్యూటింగ్ అనే పేరుతో ఒక ఫైలుగా ఉంటుంది. అది ఉన్న ప్రాజెక్టుకు ఎవరైనా మార్పు పంపబోతుంటే, ముందు దీన్ని చదవమని గిట్‌హబ్ 2012 నుంచీ లింకు చూపిస్తోంది. లినక్స్ కెర్నల్‌లో అయితే డాక్యుమెంటేషన్ ఫోల్డరు కింద ప్రాసెస్ అని ఒక విభాగమే ఉంది. ప్యాచ్, అంటే మనం చేసిన మార్పు, ఎలా తయారుచేయాలి, ఎవరికి పంపాలి, ఏ రూపంలో పంపాలి, జవాబు రాకపోతే ఏం చేయాలి, అంతా అందులోనే. ప్రాజెక్టులో ఒక్కరినీ ఎరగని మనిషికి ఆ పత్రమే పెద్దదిక్కు.

అలాంటి పత్రంలో తప్పులు ఏళ్ల తరబడి ఎందుకు ఉండిపోతాయి? పాతవాళ్లకు దానితో పని లేదు. చేరిన కొత్తలో చదివి ఉంటారు, ఆ తర్వాత తెరిచి ఉండరు. పద్ధతులన్నీ వాళ్లకు వేళ్ల కొసన ఉంటాయి. కొత్తవాళ్లు మాత్రం ప్రతి వాక్యమూ వేలు పెట్టి చదువుతారు. తప్పు పడేది వాళ్ల కంటికే. కానీ ఇంత పేరున్న ప్రాజెక్టులో తప్పు ఉంటుందా, నాకే ఇంగ్లీషు సరిగా రాదేమో అని తమనే అనుమానించుకుని ముందుకు వెళ్లిపోతారు. తెలిసినవాళ్లు చదవరు, చదివినవాళ్లు నోరు విప్పరు. ఈ సందులోనే తప్పు బతికిపోతోంది. ఆ సందును మూయగలిగిన స్థితిలో ఉన్నది మనలాంటివాళ్లమే. చదివితే అర్థమయ్యేంత వచ్చు, చదవకుండా దాటేసేంత పాతబడలేదు.

ఆ తప్పు దెబ్బ ఎవరికి తగులుతుందో చూడండి. ఆదిలాబాద్‌లోనో అనంతపురంలోనో తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగులో చేరిన అమ్మాయి ఆ పత్రం తెరిచిందనుకోండి. తెలియని మాట ఎదురైతే నిఘంటువులో వెతుకుతుంది. దొరకదు. అది తప్పుగా పడిన మామూలు మాటో, తను ఇంకా నేర్చుకోని సాంకేతిక పదమో ఆమెకు ఎవరు చెబుతారు? ఇంగ్లీషు ఇంటిభాషగా పెరిగినవాళ్లు రెండక్షరాలు అటూ ఇటూ అయినా చూపుతోనే సర్దుకుని చదివేస్తారు. ఆమె అక్కడే ఆగిపోతుంది. కమాండులో ఒక అక్షరం జారితే ఇంకా కష్టం. పత్రంలో ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తుంది, టెర్మినల్ అలాంటి ఆప్షన్ లేదంటుంది. తప్పు పత్రానిదని ఆమెకు తట్టదు. తన ఇన్‌స్టలేషనే చెడిందనుకుని అంతా తీసేసి మళ్లీ మొదటికొస్తుంది. రాత్రంతా అలాగే గడిచి, పొద్దున్నే ఇది నాకు పట్టే విద్య కాదని ల్యాప్‌టాప్ మూసేస్తే, ఆ ప్రాజెక్టు ఒక మనిషిని పోగొట్టుకున్నట్టే. ఆ సంగతి ప్రాజెక్టుకు ఎప్పటికీ తెలియదు.

మరో రకం తప్పు ఇంకా ప్రమాదం. ప్యాచ్‌ను అటాచ్‌మెంటుగా పంపవద్దు అని ఇంగ్లీషులో రాసేటప్పుడు 'నాట్' అన్న మాట చివర 'టి' బదులు 'డబ్ల్యూ' పడిందనుకోండి. అది 'నౌ' అయింది. పంపవద్దన్నది కాస్తా ఇప్పుడు పంపండి అయింది. మాటలను నిఘంటువుతో పోల్చి చూసే స్పెల్లింగ్ సాధనం దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రెండూ నిఘంటువులో ఉన్న మాటలే. మనిషి కూర్చుని, అర్థం చూసుకుంటూ చదివితేనే దొరుకుతుంది. ఇక చూపు లేని మిత్రుల సంగతి ఆలోచించండి. వాళ్లు స్క్రీన్ రీడరుతో పత్రాన్ని వింటారు. అక్షరాలు తారుమారైన మాటను ఆ యంత్రం ఉన్నది ఉన్నట్టు పలుకుతుంది. కంటికి చిన్నగా కనిపించిన తప్పు చెవికి మొత్తంగా వేరే మాట అయి కూర్చుంటుంది.

ఇది నా ఊహ అనుకోవద్దు. 2017లో గిట్‌హబ్ జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో, అసంపూర్ణంగానో కాలం చెల్లిపోయో ఉన్న డాక్యుమెంటేషన్ తమకు ఎదురైందని 93 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో, డాక్యుమెంటేషన్‌కు తాము అరుదుగానే చేయి వేస్తామని, లేదా అసలెప్పుడూ వేయమని 60 శాతం కంట్రిబ్యూటర్లు ఒప్పుకున్నారు. ఇంగ్లీషు చదవడం, రాయడం చాలా బాగా వచ్చని చెప్పలేకపోయినవాళ్లు దాదాపు నాలుగో వంతు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. దాదాపు అందరూ ఇబ్బంది పడుతున్నారు, సగం కంటే ఎక్కువమంది చేయి వేయడం లేదు, ఆ నాలుగో వంతులో ఉన్నది మనవాళ్లు కూడా. మన బాధ మనమే తీర్చుకోకపోతే ఎవరు తీరుస్తారు?

పెద్ద ప్రాజెక్టులు అక్షరాన్ని చిన్నచూపు చూస్తాయని కూడా అనుకోకండి. కెర్నల్ రాసేవాళ్లు కఠినులని పేరు. అయినా చిల్లర ప్యాచ్‌లని పక్కన తీసి, వాటి కోసం ఒకప్పుడు ప్రత్యేకంగా ఒక దారి ఏర్పాటుచేసుకున్నారు. అందులో ఏవి చెల్లుతాయో చెప్పిన జాబితాలో ముందు వరసలోనే ఉండేది డాక్యుమెంటేషన్‌లో స్పెల్లింగ్ దిద్దడం. దాని వెంటే ఇంకో మాట ఉండేది: గ్రెప్‌ను దెబ్బతీసే స్పెల్లింగ్ తప్పులు దిద్దడం. గ్రెప్ అంటే లక్షల పంక్తుల్లో కావలసిన మాటను వెతికి పెట్టే కమాండు. మాట తప్పుగా ఉంటే వెతికినా దొరకదు. దొరకనిది ఉన్నా లేనట్టే. అంతే కాదు, కెర్నల్ స్క్రిప్టుల ఫోల్డరులో స్పెల్లింగ్ పేరుతోనే ఒక ఫైలు పెట్టుకున్నారు. ప్రతి పంక్తిలో ఎడమవైపు జనం తరచుగా రాసే తప్పు, రెండు నిలువు గీతలు, కుడివైపు ఒప్పు. మొదట దాన్ని డెబియన్‌వాళ్ల లింటియన్ అనే సాధనం నుంచి తెచ్చుకుని, కెర్నల్ కోడులో కనబడిన తప్పులు చేర్చుకుంటూ వచ్చారు. ప్యాచ్‌లను తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు ఈ జాబితాను చూసే హెచ్చరిస్తుంది. అంత జటిలమైన కోడు రాసేవాళ్లు అచ్చుతప్పుల చిట్టాను ఇంత శ్రద్ధగా పెంచుకుంటుంటే, అది మన స్థాయికి తగిన పని కాదనడానికి మనమెవరం?

దిద్దకుండా వదిలేస్తే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. బ్రౌజరులో మీరు ఒక లింకు నొక్కితే, ఏ పేజీ నుంచి వచ్చారో అవతలి సర్వరుకు చెప్పే హెడర్ ఒకటుంది. దాని పేరు రిఫరర్. ఇంగ్లీషులో మధ్యన రెండు 'ఆర్'లు రావాలి. ఒక్కటే పడింది. 1996లో హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం ఆ ఒక్క 'ఆర్'తోనే వెలువడింది. అప్పటికే ప్రోగ్రాములు దాన్ని అలాగే వాడుతున్నాయి కనుక ఇక మార్చడానికి వీల్లేకపోయింది. ఈరోజుకీ ప్రపంచంలోని బ్రౌజర్లన్నీ ఆ తప్పు మాటనే మోసుకెళ్తున్నాయి. యూనిక్స్‌లో కొత్త ఫైలు సృష్టించే సిస్టమ్ కాల్ పేరు చివర 'ఇ' ఉండదు. యూనిక్స్‌ను మళ్లీ రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ 'ఇ' చేరుస్తానని యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ అన్నారని చెప్పుకుంటారు. ఈ రెండూ ఇక దిద్దుకోలేని తప్పులు. నియమాల పత్రంలోని తప్పు అలాంటిది కాదు. ఇవాళ దిద్దినా ఎవరి ప్రోగ్రామూ ఆగదు, ఎవరి డేటా పోదు. ఇంత సులువుగా దిద్దుకోగలిగినదాన్ని కూడా వదిలేయడానికి మన దగ్గర ఏ సాకూ లేదు.

ఇక్కడొక కఠినమైన మాట చెప్పాలి. ఈ పని మంచిదే కానీ, దాన్ని చెడగొట్టినవాళ్లలో మన దేశపు కుర్రాళ్లు కూడా ఉన్నారు. హాక్టోబర్‌ఫెస్ట్ అని ప్రతి అక్టోబరులో ఓపెన్ సోర్స్ ఉత్సవం జరుగుతుంది. నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే మా మార్పు చేర్చుకోండి అనే వినతులు, పంపితే టీషర్టు ఇచ్చేవారు. 2020లో ఆ టీషర్టు కోసం రీడ్‌మీ ఫైళ్లలో అక్కర్లేని విశేషణాలు జొప్పించి వేలకు వేలుగా పంపారు. నిర్వాహకులు ఉత్సవం మొదలైన రెండు మూడు రోజులకే నియమం మార్చి, తాము పాల్గొంటామని చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు, రీడ్‌మీలో తమ పేరు చేర్చుకునే పుల్ రిక్వెస్టులు కుప్పతెప్పలుగా వచ్చిపడ్డాయి. పాఠం వీడియో చూసి ప్రాక్టీసు కోసమని అసలు ప్రాజెక్టుకే పంపేసిన మన విద్యార్థులవే వాటిలో చాలా ఉన్నాయి. వాళ్లది దురుద్దేశం అని నేను అనను. కానీ జీతం లేకుండా ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినరు ఆ చెత్తంతా ఒక్కొక్కటిగా మూసుకుంటూ కూర్చున్న గంటలు ఎవరు తిరిగిస్తారు? ఆ తర్వాత నిజంగా తప్పు దిద్ది పంపిన మన ఊరి పిల్లల ప్యాచ్‌ను కూడా అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది. ఆ చెడ్డపేరును మార్చాల్సింది మనమే. దానికి దారి ఒక్కటే. మన చేతిలోంచి వెళ్లే ప్రతి చిన్న ప్యాచూ మెయింటెయినరుకు పని తగ్గించేదిగా ఉండాలి.

అందుకని, నియమాల పత్రం దిద్దేవాళ్లు ముందు ఆ నియమాలు పాటించాలి. వినడానికి మామూలుగా ఉన్నా చాలామంది తప్పేది ఇక్కడే. పత్రంలో తప్పు చూసిన ఉత్సాహంలో, పత్రం ఏం చెబుతోందో వదిలేస్తారు. కెర్నల్‌కైతే ప్యాచ్ మామూలు అక్షరాల ఈమెయిలుగా వెళ్లాలి. హెచ్‌టీఎంఎల్ పనికిరాదు, అటాచ్‌మెంటు పనికిరాదు. ఎవరికి పంపాలో గెట్ మెయింటెయినర్ అనే స్క్రిప్టే చెబుతుంది. విషయ పంక్తి మొదట్లో ఏ విభాగానిదో రాయాలి. కింద ఏం మార్చామో, ఎందుకు మార్చామో సూటిగా రెండు వాక్యాలు చాలు. చివర మీ పేరుతో సైన్డ్ ఆఫ్ పంక్తి ఉండాలి. ఒక్క అక్షరానికి కూడా సంతకమా అనకండి. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ లినక్స్ కోడు విషయమై కోర్టుకెక్కింది. ఆ గొడవ నడుస్తుండగానే 2004లో ఈ పద్ధతి వచ్చింది. ఈ మార్పు పంపే హక్కు నాకుంది అని పంపినవాళ్లే రాతపూర్వకంగా చెప్పే హామీ అది. మీ పేరు ఆ ప్రాజెక్టు మార్పుల చరిత్రలో మీరు బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాతా ఉంటుంది. ఆ సంతకం పెట్టేటప్పుడు ఉండాల్సిన గౌరవం ఒక్క అక్షరానికీ వెయ్యి పంక్తులకీ ఒక్కటే.

ఒకే ఫైలులో పది తప్పులుంటే పది పుల్ రిక్వెస్టులు పంపకండి. అన్నీ కలిపి ఒకేసారి పంపండి. అక్షరాలు దిద్దుతూ పనిలో పనిగా వాక్యాలు కూడా మీ ఇష్టానికి తిరగరాయకండి. ఆ రెండూ వేర్వేరు పనులు. బ్రిటిష్ ఇంగ్లీషు స్పెల్లింగును అమెరికన్ చేయడం, అమెరికన్‌ను బ్రిటిష్ చేయడం దిద్దుబాటు కాదు. కోడులోని పేర్ల జోలికి అసలు పోకండి. తప్పుగా ఉన్నా సరే, వాటి మీద ఆధారపడినవాళ్లు వేరే ఉంటారు. కోడ్‌స్పెల్ వంటి సాధనం వాడుకోండి. నిఘంటువు మొత్తం ముందేసుకోకుండా జనం తరచుగా చేసే తప్పుల జాబితాతోనే అది వెతుకుతుంది కనుక అనవసరపు హెచ్చరికలు తక్కువ. కానీ అది చెప్పిందల్లా మార్చేయకుండా ప్రతి ఒక్కటీ కళ్లతో చూసి నిర్ణయించండి.

ఇంకో జాగ్రత్త చాలామందికి తెలియదు. ప్రోగ్రాము తెర మీద చూపే వాక్యాల్లో స్పెల్లింగ్ దిద్దితే అనువాదకుల మీద భారం పడుతుంది. గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఇంగ్లీషు వాక్యాన్నే ఆనవాలుగా పెట్టుకుని అనువాదాన్ని వెతుకుతారు. అక్షరం మారితే ఆనవాలు తప్పుతుంది. ఆ అనువాదానికి ఫజీ అనే ముద్ర పడి, అనువాదకుడు మళ్లీ చూసి ఆమోదించేదాకా తెర మీద తెలుగు పోయి ఇంగ్లీషు వచ్చేస్తుంది. అలాంటి చోట తప్పు దిద్దే ముందు అనువాద బృందానికి ఒక మాట చెప్పండి. పత్రాల్లో ఈ చిక్కు ఇంత లేదు. అయినా కెర్నల్ పత్రాలకు చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలున్నాయి. మూలంలో కదిలిన ప్రతి అక్షరాన్నీ చూసుకునేవాళ్లు ఆ భాషల్లో ఉన్నారు. వాళ్ల శ్రమ మీకు గుర్తుండాలి.

జవాబు రాలేదని మర్నాడే మళ్లీ పంపకండి. కనీసం వారం ఆగమని కెర్నల్ పత్రమే చెబుతుంది. ఎవరైనా తప్పు పట్టినా, ఇలా మార్చమని అడిగినా, మార్చి పంపండి. కాదంటే కాదన్నందుకు నొచ్చుకోకండి.

ఇక మన ఇంటి సంగతి. తెలుగులో ఇదే పని ఇంకా పెద్దది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. కొత్తవాళ్లకు దారి చూపే నియమాల పేజీలు, సహాయం పేజీలు అందులో తెలుగులోనే ఉన్నాయి. ప్యాచ్ అక్కర్లేదు, గిట్ అక్కర్లేదు, ఆ పేజీల్లో చాలావాటిని ఎవరైనా తెరిచి దిద్దవచ్చు. తెలుగులో రాసే మన పత్రాలు ఏవి తీసుకున్నా 'పద్దతి', 'అభివృద్ది', 'భాద్యత' అని పడుతూనే ఉంటాయి. ఒత్తులు జారిన ఈ మాటలను వెతుకుడు యంత్రం పద్ధతి, అభివృద్ధి, బాధ్యతలుగా గుర్తించలేకపోతే వ్యాసం మరుగున పడిపోతుంది. కెర్నల్‌వాళ్లు గ్రెప్ విషయంలో పడ్డ దిగులు మనకూ ఉంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటే చూడండి. పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం పెడితేనే 'వే' విడిగా నిలుస్తుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పెట్టకపోతే వకారం ఒత్తుగా మారి కిందికి దిగి 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఒకే పత్రంలో ఒకచోట అలా, ఒకచోట ఇలా ఉంటే, యంత్రానికి అవి రెండు వేరు మాటలు. ఏ రూపం వాడాలో బృందమంతా కూర్చుని ఒక్కసారి నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని నియమాల్లోనే రాసిపెట్టుకోండి.

ఇందుకు ప్రోగ్రామర్లే కావాలని లేదు. పత్రికల్లో ప్రూఫులు దిద్దిన పెద్దలారా, బడుల్లో తెలుగు చెప్పి రిటైరైన మాస్టార్లారా, మీ కంటికి ఒక్క చూపులో పట్టే తప్పు మా కుర్రాళ్లకు పది చూపుల్లో పట్టదు. మీరు రండి. కీబోర్డు మేం నేర్పుతాం, అక్షరం మీరు నేర్పండి. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేస్తున్న మిత్రులారా, మీ జీతంలో ఓపెన్ సోర్స్ వాటా ఎంతో మీకే తెలుసు. ప్యాచ్ పంపే పద్ధతి మీకు కొట్టిన పిండి. మీ కాలేజీ జూనియర్ల మొదటి ప్యాచ్‌ను బయటికి వెళ్లకముందే మీరు ఒకసారి చూసి పెట్టండి. ఏ ప్రాజెక్టుకైనా మెయింటెయినరుగా ఉన్న తెలుగువాళ్లారా, స్పెల్లింగ్ ప్యాచ్ వస్తే విసుక్కోకండి. చెత్త అయితే మూసేయండి. నిజమైన దిద్దుబాటు అయితే తీసుకుని, ఒక్క ముక్క థాంక్స్ రాయండి. ఆ ఒక్క ముక్క చూసుకుని రెండో ప్యాచ్ పంపినవాళ్లు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటారు.

కాలేజీ క్లబ్బుల విద్యార్థులారా, ఈ సెమిస్టరులోనే మొదలుపెట్టండి. మీరు నిజంగా వాడే ప్రాజెక్టునే ఎంచుకోండి. దాని నియమాల పత్రాన్ని అందరూ కలిసి మొదటి నుంచి చివరిదాకా పైకి చదవండి. కొత్త మెషీన్ మీద, అందులో చెప్పింది చెప్పినట్టు చేస్తూ పోండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ గుర్తు పెట్టుకోండి. ఆ చోటు ఈమధ్య ఎవరైనా దిద్దారేమో ముందు చూడండి, ఒకే తప్పుకు ఇద్దరు పంపడం మెయింటెయినరుకు రెండింతల పని. ఆ తర్వాత ఒకరు దిద్దండి, ఇంకొకరు సరిచూడండి, మూడోవారు పంపండి. దిద్దడానికి అనుమతి లేకపోయినా, ఒప్పేదో మీకు తేలకపోయినా వదిలేయకండి. ఏ ఫైలు, ఏ పంక్తి, ఇప్పుడేముంది, ఏముండాలని మీకు అనిపిస్తోంది, ఈ నాలుగూ రాసి ఒక ఇష్యూ తెరిచి పెట్టండి.